ఫ్రీలాన్సర్‌కి పని ఇస్తున్నారు సరే, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది?

ఆన్‌లైన్‌లో ఫ్రీలాన్సర్‌ని పెట్టుకుందామనుకునేవాళ్ళు నన్ను ముందుగా అడిగేది "ఏ సైటు సేఫ్ అండీ? అప్‌వర్కా, ఫైవరా?" అని. నేను దానికి జవాబు చెప్పకుండా, "ఇప్పుడున్న మీ వెబ్‌సైట్ డొమైన్, అంటే సైటు అడ్రసు, ఎవరి పేరు మీద ఉంది?" అని అడుగుతాను. చాలామందికి తెలియదు. "అవన్నీ ఆ కుర్రాడే చూసుకుంటాడండీ" అంటారు. ఆ మాట విన్నాక, వాళ్ళు ఏ సైటులో మనిషిని వెతుక్కున్నా ఒకటేలే అనిపిస్తుంది.

మాది గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఆఫీసు. మిర్చి కమిషన్ వ్యాపారులు, కోల్డ్ స్టోరేజీలు, హాస్టళ్ళు, విజయవాడలో పచ్చళ్ళూ పొడులూ అమ్మేవాళ్ళు, వీళ్ళందరికీ వెబ్‌సైట్లు, యాప్‌లు, లేబుళ్ళు చేయించి ఇస్తుంటాం. మేం కూర్చుని చేసేది కొంత, అప్‌వర్క్ లాంటి ప్లాట్‌ఫాంల మీద మనుషుల్ని పెట్టుకుని చేయించేది ఎక్కువ. ఇన్నాళ్ళ ఈ పనిలో నాకు గట్టిగా ఏర్పడిన అభిప్రాయం ఒకటుంది. ప్లాట్‌ఫాం కాపాడేది మనం కట్టిన డబ్బుని. ఆ డబ్బుతో తయారైన వస్తువు మన పేరు మీద ఉందా, పూర్తిగా మన చేతికి వచ్చిందా, రేపు ఇంకొకరితో బాగుచేయించుకోగలమా అన్నది దానికి పట్టదు. అదంతా పని మొదలవకముందే మనం చూసుకోవాలి.

మన దగ్గర నాలుగు సెంట్ల స్థలం కొనాలన్నా ఈసీ తీయిస్తాం, లింకు డాక్యుమెంట్లు లాయరుకి చూపిస్తాం, హద్దులు కొలిపిస్తాం. అమరావతి పుణ్యమా అని ఈ విద్యలో మన చుట్టుపక్కల అందరికీ పీజీ అయిపోయింది. అదే మనుషులు లక్షన్నర పెట్టి యాప్ చేయించుకుని, అది ఎవరి పేరు మీద రిజిస్టరైందో చూడరు.

ప్లాట్‌ఫాంలు ఏం చేస్తాయో ముందు చెప్పేస్తాను, చేసేవి మంచి పనులే కాబట్టి. ఈలాన్స్, ఓడెస్క్ అని పాత కంపెనీలు రెండు కలిసిపోయి 2015లో అప్‌వర్క్ అని పేరు మార్చుకున్నాయి. అందులో ఫిక్స్‌డ్ ప్రైస్ పని అయితే దాన్ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో మైల్‌స్టోన్‌కి డబ్బు ముందే కడతాం. అది ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి చేతిలో ఉంటుంది. పని చూసుకుని మనం సరే అన్నాక అవతలివాళ్ళకి వెళ్తుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫ్రీలాన్సర్ పని పంపాక 14 రోజులు మనం ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే డబ్బు దానంతటదే విడుదలవుతుంది. ఫైవర్‌లో ఆ గడువు మామూలుగా 3 రోజులే. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) పోటెత్తే రోజుల్లో కమిషన్ వ్యాపారి ఇంట్లోవాళ్ళ ఫోనే ఎత్తడు, ఇక డెమో లింకు ఏం తెరుస్తాడు? అందుకే యార్డు వాళ్ళ పని ఏదైనా మే నెలలో డెలివరీ వచ్చేలా పెట్టిస్తాను. యార్డుకి వేసవి సెలవులు, మనిషి తీరిగ్గా కూర్చుని ప్రతి బటనూ నొక్కి చూస్తాడు.

గంటల లెక్కన పెట్టుకుంటే అప్‌వర్క్ సాఫ్ట్‌వేర్ పది నిమిషాలకోసారి చొప్పున స్క్రీన్ ఫొటోలు తీసి చూపిస్తుంది. మనిషి కూర్చుని పని చేశాడనడానికి అవి సాక్ష్యం. రాసిన కోడ్ బాగుందో లేదో వాటిని చూసి తేల్చలేం.

కమిషన్ మిగులుతుందని ప్లాట్‌ఫాం బయటికి వచ్చేసి ఫోన్‌పేలో మాట్లాడుకుందామనే ఫ్రీలాన్సర్లు చాలామంది ఉంటారు, వాళ్ళకంటే ముందే ఆ మాట అనే క్లయింట్లూ ఉంటారు. బయటికి వచ్చిన క్షణాన ఎస్క్రో లేదు, వివాదం వస్తే చూసేవాళ్ళు లేరు. పైగా అప్‌వర్క్ షరతుల ప్రకారం అక్కడ పరిచయమైన మనిషితో రెండేళ్ళ దాకా బయట లావాదేవీ పెట్టుకోకూడదు, పెట్టుకోవాలంటే దానికి వేరే రుసుము కట్టాలి. నా మటుకు నేను ఆ కమిషన్‌ని ఖర్చులో రాసేసుకుంటాను.

ఇంతవరకూ డబ్బు సంగతి. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

మాకు తెలిసిన కోల్డ్ స్టోరేజీ యజమాని ఒకాయన రైతుల కోసం యాప్ చేయించుకున్నారు. ఎవరివి ఎన్ని టిక్కీలు ఏ చాంబర్లో ఉన్నాయి, అద్దె ఎంతయింది, బ్యాంకు లోను కింద ఎన్ని తాకట్టులో ఉన్నాయి, అన్నీ ఫోన్లో కనిపిస్తాయి. చేసిన ఫ్రీలాన్సర్ పనిమంతుడే. ప్లాట్‌ఫాంలోనే కాంట్రాక్టు, మైల్‌స్టోన్లు, అంతా పద్ధతిగా నడిచింది. చివర్లో ప్లే స్టోర్‌లో పెట్టాల్సి వచ్చినప్పుడు, "మీరు కొత్త అకౌంట్ తెరిచి, వెరిఫికేషన్లు అయ్యేసరికి లేటవుతుంది సార్, నా అకౌంట్‌లో పెట్టేస్తాను" అన్నాడు. ఈయన సరే అన్నారు. కొన్నాళ్ళకి ఆ అబ్బాయి ఉద్యోగంలో చేరి ఫ్రీలాన్సింగ్ మానేశాడు. మెసేజ్ పెడితే జవాబు లేదు.

ఆ తర్వాత ఏం జరుగుతుందో యాప్‌లు చేసేవాళ్ళందరికీ తెలుసు. గూగుల్ ప్రతి ఏడాదీ, యాప్ ఫలానా ఆండ్రాయిడ్ వెర్షన్‌కి తగ్గట్టుగా ఉండాలని గడువు పెడుతుంది. అప్‌డేట్ చేయని యాప్‌లు కొత్త ఫోన్లలో వెతికినా దొరకవు. అప్‌డేట్ చేయాలంటే ఆ అకౌంట్‌లోకి వెళ్ళాలి. ఒక అకౌంట్ నుంచి ఇంకోదానికి యాప్‌ని బదిలీ చేసే వీలు గూగుల్ ఇస్తుంది, కానీ ఆ దరఖాస్తు పెట్టాల్సింది పాత అకౌంట్ యజమానే. ఆయన పలకడు. మన దగ్గర కోడ్ మొత్తం ఉన్నా అదే ప్యాకేజీ పేరుతో (ప్లే స్టోర్ యాప్‌ని గుర్తుపట్టే పేరు) మళ్ళీ పెట్టనివ్వరు. కొత్త పేరుతో కొత్త యాప్ పెట్టుకోవాలి. పాత రివ్యూలు, పాత డౌన్‌లోడ్లు పోయినట్టే, రైతులందరూ పాతది తీసేసి కొత్తది వేసుకోవాలి. వాళ్ళలో సగంమందికి మొదటి యాప్ వేసి పెట్టింది ఊళ్ళో మనవడో, మేనల్లుడో.

ఇందులో ఏ దొంగతనమూ లేదు, మోసమూ లేదు. ప్లాట్‌ఫాం లెక్కలో ఆ కాంట్రాక్టు ఐదు నక్షత్రాలతో ముగిసింది. యజమాని తన సొంత ప్లే కన్సోల్ అకౌంట్ (ప్లే స్టోర్‌లో యాప్‌లు పెట్టే అకౌంట్) తెరవడానికి గూగుల్ తీసుకునేది ఒక్కసారి కట్టే 25 డాలర్లు. వెరిఫికేషన్ ఆలస్యమవుతుందన్న మాట నిజమే, కొత్తగా తెరిచే వ్యక్తిగత అకౌంట్లకి కనీసం 12 మంది టెస్టర్లతో 14 రోజులు పరీక్షించాలనే నిబంధన కూడా ఉంది. అయితే అకౌంట్ తెరిచే పని ప్రాజెక్టు మొదలైన రోజే మొదలుపెట్టొచ్చు కదా. యాప్ తయారయ్యేలోగా అకౌంటూ తయారవుతుంది.

కాబట్టి నేను ఎవరికి పని మొదలుపెట్టినా ముందు వ్యాపారం పేరుతో ఒక ఈమెయిల్ తెరిపిస్తాను. దానికి టూ స్టెప్ వెరిఫికేషన్, ఓటీపీ వచ్చే సిమ్ యజమాని ఇంట్లోనే ఉండాలి, గుమస్తా ఫోన్లో కాదు. డొమైన్, హోస్టింగ్ (సైటు నడిచే సర్వర్), ప్లే కన్సోల్, గిట్‌హబ్ (కోడ్ దాచుకునే చోటు), పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే సేవ), గూగుల్ మ్యాప్స్‌లో షాపు ప్రొఫైల్, ఫేస్‌బుక్ పేజీ అన్నీ ఆ ఈమెయిల్ మీదే తెరుస్తాం, డబ్బు యజమాని కార్డుతోనే కడతాం. ఆ తర్వాత ఫ్రీలాన్సర్‌ని దేనికి కావాలో దానికి మాత్రమే, తన సొంత లాగిన్‌తో, లోపలికి పిలుస్తాం. దాదాపు ఈ సేవలన్నిటిలోనూ ఆ వీలు ఉంది. గిట్‌హబ్‌లో కొలాబరేటర్, ప్లే కన్సోల్‌లో పరిమిత అనుమతులున్న యూజర్, షాపు ప్రొఫైల్‌లో మేనేజర్. పని అయిపోయాక తీసేస్తే సరిపోతుంది, పాస్‌వర్డ్ ఎవరికి చెప్పామా అని గుర్తు చేసుకోనక్కర్లేదు. పేమెంట్ గేట్‌వే అయితే టెస్ట్ మోడ్ కీలే (ఉత్తుత్తి చెల్లింపులకి మాత్రమే పనికొచ్చే కోడ్‌లు) ఇస్తాం, అసలు కీలు చివర్లో మా చేత్తో పెడతాం. ఆ కీలతో కస్టమర్లకి రిఫండ్లు కూడా పంపొచ్చని చాలామంది వ్యాపారులకి తెలియదు. తెలిశాక మాత్రం రాత్రి నిద్ర పట్టదు.

కోడ్ విషయంలో నాది ఒకటే పట్టు. ప్రతి రోజూ చేసిన పని ఆ రోజే మన గిట్‌హబ్‌లోకి రావాలి. "అంతా అయ్యాక జిప్ ఫైలు పంపుతాను సార్" అన్నవాళ్ళని, ఎంత చవగ్గా చేస్తామన్నా, నేను తీసుకోను.

ఇక కాపీరైట్. ఇది వినగానే జనం కళ్ళు మూసుకుంటారు, కానీ కాస్త ఓపిక పట్టండి. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 17 ప్రకారం ఒక రచనకి మొదటి హక్కుదారు దాన్ని రాసినవాళ్ళే. జీతం ఇచ్చి ఉద్యోగంలో పెట్టుకున్న మనిషి ఆ ఉద్యోగంలో భాగంగా రాస్తే హక్కు యజమానిది. డబ్బిచ్చి ఫొటో, పెయింటింగ్, పోర్ట్రెయిట్, సినిమా లాంటివి చేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవాళ్ళది. కోడ్ ఆ జాబితాలో లేదు. వెబ్‌సైట్ కోసం రాయించిన మేటర్ కూడా లేదు. చట్టం కంప్యూటర్ ప్రోగ్రాంని సాహిత్య రచన కిందే లెక్కేస్తుంది, ఫ్రీలాన్సర్ మీ ఉద్యోగి కాదు. అంటే, కాగితం ఏమీ లేకుండా వాట్సాప్‌లో మాట్లాడుకుని చేయించుకున్న సాఫ్ట్‌వేర్‌కి మీరు పూర్తి డబ్బు ఇచ్చేసినా కాపీరైట్ రాసిన అబ్బాయి దగ్గరే ఉండిపోవచ్చు. మీకు వాడుకునే హక్కు ఉందని వాదించుకోవచ్చు. రేపు దాన్ని ఇంకో కంపెనీకి అమ్మాలన్నా, పెట్టుబడి పెట్టేవాళ్ళు కాగితాలు చూపించమన్నా అప్పుడు మొదలవుతుంది టెన్షన్.

ఈ ఒక్క విషయంలో ప్లాట్‌ఫాం నిజంగా మేలు చేస్తుంది. అప్‌వర్క్ మామూలు షరతుల్లో, మీరూ ఫ్రీలాన్సరూ వేరేగా రాసుకోకపోతే, డబ్బు ముట్టాక హక్కులు క్లయింట్‌కి వెళ్తాయని ఉంది. ఫైవర్‌లోనూ సాధారణంగా అంతే, సెల్లర్ తన పేజీలో ఇంకోలా రాసి ఉంటే తప్ప. అందుకే ఆ పేజీ కిందిదాకా చదవాలి. వాయిస్ ఓవర్ చెప్పించుకున్నప్పుడు ప్రకటనల్లో వాడుకునే హక్కు విడిగా కొనాలి, అది కొనకుండా ఆటో మైకుల్లోనూ ఎఫ్ఎంలోనూ మోగిస్తే తప్పు మనదే.

అయినా నేను ప్లాట్‌ఫాం షరతుల మీదే వదిలెయ్యను. పెద్ద పని అయితే ఒక పేజీ హక్కుల బదిలీ పత్రం విడిగా రాయించుకుంటాను. కారణం సెక్షన్ 19. కాపీరైట్ బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవాళ్ళ సంతకంతో ఉండాలి. ఏ రచన, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం, ఎంత డబ్బుకి అన్నవి చెప్పాలి. కాలం రాయకపోతే చట్టం దాన్ని 5 సంవత్సరాలు అనుకుంటుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అనుకుంటుంది. పచ్చళ్ళు డల్లాస్‌కీ మెల్‌బోర్న్‌కీ పంపేవాళ్ళకి ఆ రెండో ముక్క ఎంత ముఖ్యమో చెప్పక్కర్లేదు. ఇంకో చిన్న అంశం కూడా ఉంది. బదిలీ అయిన హక్కుని ఏడాదిలోపు వాడుకోకపోతే అది రద్దయినట్టే, పత్రంలో ఇంకోలా రాసుకుంటే తప్ప. అది కూడా ఒక వాక్యం రాయించండి. మన దేశంలో ఉన్నవాళ్ళయితే ఆధార్ ఈసైన్‌తో ఇంట్లో కూర్చునే సంతకం అయిపోతుంది. బయటిదేశం వాళ్ళయితే ప్రింటు తీసి సంతకం పెట్టి స్కాన్ పంపమంటాం, వీలైతే అసలు కాగితం కూడా. ఇంతవరకూ సరైన ఫ్రీలాన్సర్ ఎవరూ నొచ్చుకున్నది నేను చూడలేదు. నొచ్చుకునేది మన క్లయింట్లే: "ఇంత అవసరమాండీ?" అని.

హక్కు బదిలీ చేయాలంటే ముందు ఆ హక్కు వాళ్ళ దగ్గర ఉండాలి, అదొకటి. పచ్చళ్ళ బ్రాండుకి లోగో గీయించామనుకోండి. డిజైనర్ దాన్ని ఏదో స్టాక్ సైటు నుంచి తీసి రంగు మార్చి ఇచ్చాడు. అదే బొమ్మ ఇంకో ఊళ్ళో మసాలా ప్యాకెట్ మీద కనిపిస్తుంది. దాని మీద ట్రేడ్‌మార్క్‌కి వెళ్తే చిక్కే. అందుకని లోగో రాగానే గూగుల్ లెన్స్‌లో పెట్టి వెతకడం మా ఆఫీసులో అలవాటు. వర్డ్‌ప్రెస్ సైట్లలో ఇంకో రోగం ఉంది, నల్డ్ థీమ్‌లు. డబ్బు పెట్టి కొనాల్సిన థీమ్‌ని లైసెన్సు తాళం విరగ్గొట్టి ఉచితంగా పంచుతారు. కొటేషన్‌లో నాలుగు వేలు తగ్గుతాయి, బదులుగా సైటులోకి దొంగదారి ఒకటి వచ్చే అవకాశం ఉంటుంది. థీమ్, ప్లగిన్ల కొనుగోలు రసీదులు యజమాని ఈమెయిల్ మీద ఉండాలని కాంట్రాక్టులోనే రాస్తే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

తెలుగు వాళ్ళకి ఉన్న ఇంకో తలనొప్పి ఫాంట్లది. గవర్నర్‌పేటలో ప్రెస్సుకి వెళ్ళే లేబుల్ ఏదైనా సరే, చాలాసార్లు అను ఫాంట్లలో టైపు చేసి, కోరల్‌డ్రాలో డిజైన్ చేసినదే. అది ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే యూనికోడ్ కాదు. అందులోంచి వాక్యం కాపీ చేసి వెబ్‌సైట్‌లో పెడితే గజిబిజి అక్షరాలు వస్తాయి. ఫ్రీలాన్స్ డిజైనర్ చేతికిచ్చేది జేపీజీ ఫైలు. అప్పటికి బాగానే ఉంటుంది. ఆరు నెలలకి ధర మారుతుంది, లేదా 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత) నంబరు కొత్త లైసెన్సుతో మారుతుంది. ఒక్క అంకె మార్చడానికి ఆ డిజైనర్ కోసం వెతుక్కోవాలి. అందుకే నేను రెండు ఫైళ్ళు అడుగుతాను. అక్షరాలు టైపు రూపంలోనే ఉండి మార్చుకోవడానికి వీలైన కోరల్ ఫైలు ఒకటి, ప్రెస్సు కోసం అక్షరాలన్నీ కర్వ్స్ చేసిన, అంటే బొమ్మ గీతలుగా మార్చిన, ఫైలు ఇంకొకటి. కర్వ్స్ చేసినదే ఇచ్చి "సోర్స్ ఇచ్చాను కదా" అంటారు కొందరు, అందులో అక్షరం మార్చలేం. ఫాంటు ఏదో, దాని లైసెన్సు ఎవరిదో కూడా రాయించుకోవాలి. ఖర్చు వద్దనుకుంటే సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, రామభద్ర, గిడుగు లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉన్నాయి, అవి స్వేచ్ఛగా వాడుకోగల యూనికోడ్ ఫాంట్లు.

ఇదంతా విని, "అందుకే మేం ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఇవ్వం, మనవాడికే ఇస్తాం" అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నాకు పూర్తిగా పేచీ. బావమరిది స్నేహితుడు, అరండల్‌పేటలో కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే అబ్బాయి, తెనాలి నుంచి వచ్చిపోయే దూరపు చుట్టం, నా దగ్గరికి వచ్చే చిక్కుముళ్ళలో ఎక్కువ భాగం ఇలాంటి మనవాళ్ళ దగ్గర పడ్డవే. మనవాడిని కాగితం అడగలేం, బాగోదు. ఎప్పటికి ఇస్తావని గట్టిగా అడగలేం, పెళ్ళిలో ఎదురుపడాలి. ఏం చేయమన్నామో ఎక్కడా రాసి ఉండదు. డబ్బు కొంత చేతికిచ్చాం, కొంత వాళ్ళ నాన్నగారి ఖాతాలో వేశాం. ముక్కూ మొహం తెలియని ఇండోర్ అమ్మాయితో ప్లాట్‌ఫాంలో చేసుకున్న పనికి ప్రతి మాటా, ప్రతి ఫైలూ, ప్రతి రూపాయీ తేదీతో సహా రికార్డు ఉంటుంది. నేను ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే ఇండోర్ అమ్మాయినే ఎంచుకుంటాను. మనవాడికే ఇవ్వాలనుంటే అతన్ని కూడా ప్లాట్‌ఫాంలోకి రమ్మనండి.

ఐడియా ఎత్తుకుపోతారన్న భయం గురించి ఒక మాట. మొదటి ఫోన్లోనే "ముందు ఎన్‌డీఏ మీద సంతకం పెట్టండి, తర్వాత ఐడియా చెప్తా" అనేవాళ్ళు నెలకొకరైనా తగులుతారు. ఎన్‌డీఏ అంటే రహస్యాలు బయటపెట్టమనే ఒప్పందం. ఐడియాకి కాపీరైట్ లేదని 1978లోనే సుప్రీంకోర్టు ఒక నాటకం, సినిమా తగాదాలో తేల్చి చెప్పింది. దాన్ని రాసిన తీరుకే రక్షణ. రహస్యాలు బయటపెట్టకూడదనే ఒప్పందం రాసుకోవడం తప్పేమీ కాదు, సరుకు ఎక్కడ కొంటున్నాం, ఎంతకి కొంటున్నాం లాంటివి ఫ్రీలాన్సర్ చూడాల్సి వస్తే రాసుకోవాలి కూడా. అయితే "పని అయిపోయాక మూడేళ్ళపాటు ఇలాంటి యాప్ ఇంకెవరికీ చేయకూడదు" అని రాసే క్లాజులకి 1872 కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 కింద మన కోర్టుల్లో విలువ ఉండదు. పైగా 40 వేల పని మీద ఇంకో రాష్ట్రంలో ఉన్న మనిషి పేరున గుంటూరు కోర్టులో దావా వేసి ఎన్నేళ్ళు తిరుగుతారు? ఇంటర్నెట్‌లో దొరికిన పది పేజీల ఎన్‌డీఏ కంటే సొంత పేరు మీద తెరుచుకున్న గిట్‌హబ్ అకౌంటే ఎక్కువ పని చేస్తుంది. అది తెరవడానికి పైసా ఖర్చు లేదు.

దాచాల్సినది నిజంగా ఒకటుంది, దాని మీద మాత్రం ఎవరికీ భయం లేదు. కస్టమర్ల డేటా. యాప్ టెస్ట్ చేయడానికని రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు ఖాతాలతో ఉన్న ఎక్సెల్ షీటుని అలాగే వాట్సాప్‌లో పంపేస్తారు. 2023 వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, మనం ఇంకొకరికి పని అప్పగించినా డేటా సేకరించిన మనదే బాధ్యత. తగిన భద్రత పాటించనందుకు జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. ఫ్రీలాన్సర్‌కి కావలసింది పేరు, నంబరు ఉన్న గడులే కాబట్టి 'రైతు 1, రైతు 2' అని, పది సున్నాల ఫోన్ నంబర్లతో ఒక ఉత్తుత్తి షీటు ఇస్తే పని జరిగిపోతుంది. అరగంట పని.

మనిషిని ఎంచుకోవడం గురించి పెద్దగా చెప్పను. చిన్న పని ఒకటి, డబ్బిచ్చి, ముందు చేయించి చూడండి. ఉచిత శాంపిల్ అడగొద్దు, మంచివాళ్ళు ఇవ్వరు. వీడియో కాల్‌లో తన పాత పని ఒకటి తెరిచి చూపిస్తూ మాట్లాడమనండి, ప్రొఫైల్ ఒకరిది, పని చేసేవాళ్ళు ఇంకొకరు కావడం మామూలే. ఉత్తర కొరియా ఐటీ పనివాళ్ళు దొంగ పేర్లతో ఇలాంటి సైట్లలో పనులు సంపాదిస్తున్నారని 2022 మేలో అమెరికా ప్రభుత్వమే హెచ్చరిక విడుదల చేసింది. మన హాస్టల్ వెబ్‌సైట్ కోసం అంత దూరం నుంచి ఎవరూ రారనుకోండి. విదేశీ ఫ్రీలాన్సర్‌కి డబ్బు పంపితే జీఎస్టీ ఉన్న వ్యాపారులకి రివర్స్ చార్జి పడుతుంది, అంటే ఆ పన్ను మనమే కట్టాలి, ఆడిటర్ గారిని ముందే అడగండి.

అవతలి పక్కన కూర్చున్న మనిషి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన క్లయింట్లకి కాపాడుకోవడం అంటే డబ్బు బిగబట్టడమే. పని మొదలయ్యాక "ఎలాగూ చేస్తున్నావు కదా, తమిళంలో కూడా పెట్టెయ్, ఆర్డర్ రాగానే వాట్సాప్ మెసేజ్ వెళ్ళేట్టు కూడా చూడు" అంటారు. కొటేషన్‌లో అవి లేవు. చేశాక చివరి వాయిదా దగ్గర "ఇది నేననుకున్నట్టు లేదు" అంటారు. అనుకున్నదేంటో ఎక్కడా రాసి లేదు. అలాంటి చోట ఫ్రీలాన్సర్ డొమైన్ పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంచుకుంటే నాకు కోపం రాదు. అతని చేతిలో ఉన్న ఒకే ఒక ఆధారం అది. నేను చూసినంతవరకు 'సైటు ఆపేశాడు' అని వచ్చే ఫిర్యాదుల్లో లోపలికి వెళ్తే చాలావాటిలో ఎగ్గొట్టిన బాకీ ఒకటి కనిపిస్తుంది. బాకీ ఉందని సైటులోని డేటా చెరిపెయ్యడం మాత్రం వేరే సంగతి, ఐటీ చట్టం సెక్షన్ 66 కింద అది నేరం, మూడేళ్ళ దాకా జైలు.

అందుకే మైల్‌స్టోన్లు చిన్నవిగా పెడతాను, ప్రతిదానికీ చూసి సరే అనడానికి వీలైన ఒక వస్తువు ఉండాలి. 'బ్యాకెండ్ 50 శాతం' అని రాస్తే ఎవరూ చూడలేరు. 'రైతు ఫోన్ నంబరుతో లాగిన్ అయి తన టిక్కీల సంఖ్య చూడగలగాలి' అని రాస్తే యార్డులో దడవాయి (తూకం వేసే మనిషి) కూడా చూసి చెప్తాడు. అయిన రోజే డబ్బు విడుదల చేస్తాను. కొత్తగా అడిగిన ప్రతిదానికీ కొత్త మైల్‌స్టోన్, కొత్త డబ్బు. చివరి మైల్‌స్టోన్ మొత్తంలో పది, పదిహేను శాతం మించకుండా, దాని పేరే 'అప్పగింత' అని పెడతాను. కోడ్, సోర్స్ ఫైళ్ళు, లైసెన్సుల రసీదులు, సర్వర్ మీద దీన్ని మళ్ళీ ఎలా నిలబెట్టాలో రాసిన రెండు పేజీలు. ఆ రెండు పేజీలు పట్టుకుని మా ఆఫీసులో ఇంకొకరు ఖాళీ సర్వర్ మీద సైటుని నిలబెట్టగలిగితేనే ఆ మైల్‌స్టోన్ పూర్తయినట్టు. పరీక్ష కాస్త కఠినమే, కానీ ముందే రాసి ఉంటుంది కాబట్టి ఎవరూ గొడవపడరు.

ఇప్పటికే ఇరుక్కుని ఉన్నవాళ్ళ సంగతి. డొమైన్ అవతలివాళ్ళ పేరున ఉంటే ముందు బాకీ ఏమైనా ఉందా చూసి తీర్చేయండి, తర్వాత మర్యాదగా అడగండి. చాలామంది ఇచ్చేస్తారు. డాట్ కామ్ అయితే ఆథ్ కోడ్ (డొమైన్ బదిలీకి ఇచ్చే రహస్య కోడ్) తీసుకుని మీ అకౌంట్‌కి మార్చుకోవచ్చు, కొత్తగా రిజిస్టర్ చేసినదైతే 60 రోజులు ఆగాలి. డాట్ ఇన్ అయి, ఆ పేరు మీద మీకు ట్రేడ్‌మార్క్ లాంటి హక్కు ఉండి, అవతలివాళ్ళు దురుద్దేశంతో పట్టుకున్నారని చూపించగలిగితే ఐఎన్‌డీఆర్‌పీ అనే మధ్యవర్తిత్వ పద్ధతి ఉంది. ఖర్చవుతుంది, కోర్టు కంటే త్వరగా తేలుతుంది. మనిషి దొరికినప్పుడే ప్లే స్టోర్ బదిలీ కూడా పెట్టించండి. దొరక్కపోతే కొత్త యాపే దిక్కు. అప్పుడు పాత యాప్ వాడుతున్న కస్టమర్లందరికీ లింకు ఎస్సెమ్మెస్ చేయాలి. వ్యాపార ఎస్సెమ్మెస్‌లకి డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ పోర్టల్) మీ సంస్థనీ, హెడర్‌నీ (పంపేవాళ్ళ పేరుగా కనిపించేది), మెసేజ్ టెంప్లేట్‌నీ రిజిస్టర్ చేసుకోవాలి, అందులో పేరు పాన్ కార్డులో ఉన్నట్టే లేకపోతే తిప్పి పంపుతారు. యాప్ చేసే పని మొదలయ్యేనాడే ఆ దరఖాస్తు కూడా పెట్టేయండి, అదీ మీ ఈమెయిల్‌తోనే.